మీకు తెలుసా? రెండున్నర అడుగుల పట్టాలు, ఏడొందల గుర్రాలు

విజయవాడ ఆటోనగర్ వంద అడుగుల రోడ్డు మీద నిలబడితే డీజిల్ ఇంజన్ ఎన్ని అవతారాలు ఎత్తిందో కనిపిస్తుంది. లారీ, బస్సు, ట్రాక్టర్, పొక్లెయిన్, బోరు రిగ్గు, జనరేటర్. 1966లో మొదలైన ఈ పేటలో వాటిని విప్పడం, బోరు కొట్టించడం, మళ్లీ బిగించడం తరం నుంచి తరానికి నడుస్తూనే ఉంది. ఇదే కుటుంబంలో మనం పెద్దగా పట్టించుకోని శాఖ ఒకటుంది. రైలు పట్టాల మీద, అందులోనూ బాగా ఇరుకైన పట్టాల మీద తిరిగిన నేరోగేజ్ డీజిళ్లు అవి. ఈసారి ముచ్చట్లన్నీ వాటివే. మెకానిక్ అయినవాడికి ప్రతి ముక్కా అర్థమవుతుంది.

మూడక్షరాల్లో మొత్తం జాతకం

విజయవాడ స్టేషన్‌లో ఏ ఇంజన్ పక్కన నిలబడ్డా దాని మీద మూడక్షరాలు, ఒక అంకె కనిపిస్తాయి. మొదటి అక్షరం పట్టాల వెడల్పు చెబుతుంది. డబ్ల్యూ అయితే బ్రాడ్‌గేజ్, 1676 మిల్లీమీటర్లు. వై అయితే మీటర్‌గేజ్, 1000. జెడ్ అయితే 762, అంటే రెండున్నర అడుగులు. ఎన్ అయితే 610, రెండే అడుగులు. రెండో అక్షరం డీ అయితే డీజిల్. మూడోది పని. పీ ప్రయాణికుల బండికి, జీ గూడ్సుకి, ఎస్ యార్డులో షంటింగుకి, ఎం రెండు రకాల బళ్లకీ. చివరి అంకె అది ఎన్నో రకమో చెబుతుంది.

కాబట్టి జెడ్‌డీఎం-3 అంటే రెండున్నర అడుగుల పట్టాల మీద, ప్రయాణికుల్నీ సరుకునీ లాగే, మూడో రకం డీజిల్ ఇంజన్. ఆ రెండున్నర అడుగుల్ని ఒకసారి ఊహించండి. లారీ ముందు టైర్ల మధ్య దూరంలో సగం కూడా ఉండదు. ఆ వెడల్పు మీద నిలబడి, పెట్టెల్నీ మనుషుల్నీ కొండ ఎక్కించాలి.

మొదటివి జర్మనీ నుంచి

మన రైల్వే జెడ్‌డీఎం, ఎన్‌డీఎం తరగతుల్ని 1955-56లో మొదలుపెట్టింది. జర్మనీలోని యుంగ్ కంపెనీ కాల్కా–సిమ్లా దారికి జెడ్‌డీఎం-1, బొంబాయి దగ్గరి మాథేరాన్ కొండకి ఎన్‌డీఎం-1 తయారుచేసింది. సిమ్లా దారి 1903లో, మాథేరాన్ దారి 1907లో మొదలయ్యాయి. రెండూ మెలికలు తిరిగే కొండ దారులే. అప్పటిదాకా వాటి మీద ఆవిరి ఇంజన్లు బొగ్గు తింటూ, నీళ్లు తాగుతూ ఆయాసపడి ఎక్కేవి.

ఈ రెండూ చిన్నవే. అసలు బలమైనవి 1964లో వచ్చాయి. వాటి పేరు జెడ్‌డీఎం-2. తయారీ జర్మనీలోని మాక్ కంపెనీ, బలం 700 హార్స్‌పవర్. తర్వాత అదే బలంతో బెంగాల్‌లోని చిత్తరంజన్ లోకోమోటివ్ వర్క్స్‌లో మన వాళ్లే జెడ్‌డీఎం-3 చేశారు. 1950లో ఆవిరి ఇంజన్ల కోసం మొదలైన కార్ఖానా అది. 1972లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆపేసింది. ఆ మార్పు కాలంలో అక్కడి ఫిట్టర్లు బాయిలర్లు చేసిన చేతులతోనే డీజిళ్లు బిగించారు. మన పేటలో అంబాసిడర్ నుంచి కామన్‌రైల్ ఇంజన్ దాకా వచ్చిన మేస్త్రులకి ఆ మార్పు ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

కొండెక్కిన ఓడ సామాను

మాక్ కంపెనీ ఊరు కీల్. బాల్టిక్ సముద్రం ఒడ్డున రేవు పట్నం. ఆ కంపెనీకి పేరు తెచ్చినవి ఓడల డీజిల్ ఇంజన్లు. సముద్రం మీద రోజుల తరబడి ఆగకుండా తిరగడానికి అలవాటుపడిన ఇంజన్ల జాతి అది. నిమిషానికి చుట్లు తక్కువ, సిలిండర్లు పెద్దవి, ఆయుష్షు ఎక్కువ.

ఇంజన్ బలాన్ని నూనె ద్వారా చక్రానికి చేర్చే పద్ధతీ ఓడల కోసం పుట్టిందే. హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజనీరు స్టెటిన్ రేవులోని వల్కన్ ఓడల కార్ఖానాలో పనిచేస్తూ 1905లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఓడలో టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది, నీళ్లలోని ప్రొపెల్లర్ మెల్లగా తిరగాలి. ఆ రెంటినీ పళ్ల గేర్లు లేకుండా కలపడానికి ఆయన వేసిన ఎత్తు అది. ఇంజనూ గేర్‌బాక్సూ రెండూ సముద్రం నుంచి వచ్చి హిమాలయం ఎక్కాయన్నమాట.

క్లచ్ లేని గేర్‌బాక్స్

ఈ ముచ్చట కాస్త నిదానంగా చెప్పుకోవాలి. జెడ్‌డీఎం ఇంజన్ల ఆయువుపట్టు ఇక్కడే ఉంది.

లారీకి క్లచ్ తొక్కుతాం, గేరు వేస్తాం, క్లచ్ వదులుతాం. వందల టన్నుల బండిని ఏటవాలు మీద నిలబడిన చోటు నుంచి కదిలించడానికి ఆ పద్ధతి పనికిరాదు. కదిలే క్షణంలో చక్రం దగ్గర విపరీతమైన బలం కావాలి. డీజిల్ ఇంజన్ తక్కువ చుట్లలో ఆ బలం ఇవ్వలేదు, బరువు పడితే ఆగిపోతుంది. ఆ భారం క్లచ్ మీద వేస్తే ప్లేట్లు కాలి కమురు వాసన వస్తుంది.

అందుకని మధ్యలో నూనె పెట్టారు. గుండ్రటి పెట్టె ఒకటి. అందులో ఒకవైపు సెంట్రిఫ్యూగల్ పంపు, ఎదురుగా టర్బైన్. ఇంజన్ పంపును తిప్పుతుంది. పంపు నూనెను విసిరికొడుతుంది. ఆ నూనె టర్బైన్ రెక్కలకు తగిలి దాన్ని తిప్పుతుంది. మధ్యలో తిరగకుండా బిగించి ఉన్న రెక్కలు తిరిగొచ్చే నూనెను దారి మళ్లించి తోపుడు పెంచుతాయి. ఇనుముకి ఇనుము తగలదు. డ్రైవరు థ్రాటిల్ పెంచుకుంటూ పోతే బండి కుదుపు లేకుండా కదులుతుంది. చక్రం ఇంకా తిరగకపోయినా ఇంజన్ ఆగదు. జేసీబీ గేర్‌బాక్స్ విప్పినవాళ్లకి ఈ టార్క్ కన్వర్టర్ బాగా తెలిసిన సరుకే.

అక్కడి నుంచి కార్డన్ షాఫ్టులు, యూనివర్సల్ జాయింట్లు, ఇరుసు మీద ఫైనల్ డ్రైవ్. లారీ కింద పడుకుని పనిచేసిన కుర్రాణ్ణి జెడ్‌డీఎం కిందికి పంపితే సగం భాగాలకి తనే పేర్లు చెప్పేస్తాడు.

నూనె పద్ధతికి ఒక లోపం ఉంది. కొంత బలం వేడిగా మారి దండగైపోతుంది. కదిలేటప్పుడు ఆ నష్టం భరించవచ్చు. బండి వేగం అందుకున్నాక కూడా నూనె ద్వారానే నడిపితే ప్రతి కిలోమీటరుకీ డీజిల్ వృథా. ఆ లోపానికి మందు కనిపెట్టినవాడు మనవాడే.

సూరి ట్రాన్స్‌మిషన్

మన్ మోహన్ సూరి రైల్వే ఇంజనీరు. నూనెతో కదిలించాలి, బండి తగినంత వేగం అందుకోగానే కన్వర్టర్‌ను తప్పించి నేరుగా మెకానికల్ పట్టుతో నడపాలి అన్నది ఆయన పద్ధతి. వినడానికి తేలిక. నడుస్తున్న బండిలో, బలం తెగిపోకుండా, కుదుపు లేకుండా ఒక దారి నుంచి ఇంకో దారికి మార్చడం మాత్రం మామూలు పని కాదు. అది సాధించి పేటెంట్లు తీసుకున్నారు. ప్రపంచం దాన్ని సూరి ట్రాన్స్‌మిషన్ అనే పిలిచింది. చిత్తరంజన్‌లో తయారైన డీజిల్ హైడ్రాలిక్ షంటింగ్ ఇంజన్లకు దాన్ని వాడారు. 1962లో ఆయనకి ఇంజనీరింగ్ శాఖలో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది.

ఒక రైల్వే ఇంజనీరు పేరు ఒక యంత్రానికి స్థిరపడటం మన దేశంలో ఎంత అరుదో ఆలోచించండి. కార్బురేటర్, డీజిల్ అన్న మాటలు నోటికి వచ్చినంత తేలిగ్గా సూరి పేరు మన ఐటీఐ పిల్లలకి రాదు. రావాలి.

ఆయన కథలో డెల్టా రైతుకి పనికొచ్చే మలుపు ఇంకోటి ఉంది. సూరి తర్వాత దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. ఆయన ఉన్నప్పుడే, 1965 ప్రాంతంలో, విదేశీ నమూనా అరువు తెచ్చుకోకుండా మన ఇంజనీర్లే సొంతంగా ఒక ట్రాక్టర్ డిజైన్ చేయడం మొదలుపెట్టారు. ఆ డిజైన్‌ను తయారుచేయడానికి 1970లో పంజాబ్ ట్రాక్టర్స్ ఏర్పడింది. 1974లో బళ్లు బయటికి వచ్చాయి. అదే స్వరాజ్ ట్రాక్టర్. ఈరోజు గన్నవరం నుంచో ఉయ్యూరు నుంచో స్వరాజ్ ఆటోనగర్‌కి రిపేరుకి వచ్చిందంటే, దాని పుట్టుపూర్వోత్తరాల్లో రైలింజన్ గేర్‌బాక్స్ కనిపెట్టిన మనిషి ఉన్నాడని గుర్తుపెట్టుకోండి.

కరెంటు మోటార్లు ఎందుకు పెట్టలేదు?

బ్రాడ్‌గేజ్ డీజిల్‌లో ఇంజన్ కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో ఇరుసు దగ్గరి మోటార్లు చక్రాల్ని తిప్పుతాయి. మన మీటర్‌గేజ్ మీద తిరిగిన వైడీఎం-4 కూడా ఆ పద్ధతే. నేరోగేజ్‌లో చక్రానికీ చక్రానికీ మధ్య చోటే రెండున్నర అడుగుల లోపు. అందులో బలమైన మోటారు ఇరికించడం కష్టం. పైగా జనరేటరు, మోటార్లు కలిస్తే బరువు పెరుగుతుంది. నూనె పద్ధతిలో బరువైన సామాను పైన ఛాసిస్ మీద ఉంటుంది, కిందికి షాఫ్టులే వస్తాయి.

అలాగని కుదరదని కాదు. 1973లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ దక్షిణాఫ్రికాకి రెండడుగుల గేజ్ మీద నడిచే డీజిల్ ఎలక్ట్రిక్ ఇంజన్లు చేసిచ్చింది. వాటిని 91-000 తరగతి అన్నారు. మొత్తం 20. పోర్ట్ ఎలిజబెత్ నుంచి అవొంటూర్ వెళ్లే లైను మీద తిరిగాయి.

నేల మోయాలి కదా

చిన్న లైన్ల పట్టాలు సన్నవి, కంకర పలచన, వంతెనలు తేలిక. ఒక్కో ఇరుసు మీద పడే బరువు హద్దు దాటితే పట్టా వంగుతుంది. ఇంజన్ తేలికైతే చక్రం జారుతుంది, బరువైతే దారి పాడవుతుంది. ఈ చిక్కు విప్పడానికి జెడ్‌డీఎం-4ఏ తరగతికి తిప్పే చక్రాలకి తోడు, బరువు మోయడానికే ఉన్న చక్రాలు అదనంగా పెట్టారు. టిప్పరుకి లిఫ్ట్ యాక్సిల్ ఎందుకో తెలిసినవాళ్లకి ఇదీ తెలిసినట్టే.

గిడుగు వారి ఊరి రైలు

తెలుగువాళ్ల మధ్య తిరిగిన జెడ్ గేజ్ బండి ఏదంటే ముందు చెప్పాల్సింది నౌపడ–గుణుపూర్.

నౌపడ శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఉప్పు మడులకి పేరు. మద్రాసు–కలకత్తా పెద్ద లైను అక్కడి నుంచి పోతుంది. పర్లాకిమిడి రాజావారి ఊరు ఆ లైనుకి దూరంగా ఉండిపోయింది. రాజావారు సొంత ఖర్చుతో రెండున్నర అడుగుల లైను వేయించారు. ఏడు లక్షల రూపాయలు అయ్యాయి. 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి బండి నడిచింది, సుమారు 40 కిలోమీటర్లు. టెక్కలి, పాతపట్నం ఈ దారిలోవే. మొదట నష్టాలే వచ్చాయి. మెల్లగా నిలదొక్కుకున్నాక 1929లోనూ 1931లోనూ రెండు విడతలుగా గుణుపూర్ దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లు.

ఆ బండి వచ్చిన నాటికి గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలోనే పంతులుగా ఉన్నారు. సవర భాష నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువూ వ్యాకరణమూ రాసినది అక్కడే. బండి పోయే గుణుపూర్ వైపు కొండలు ఆ సవరల కొండలే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. రైలు మాత్రం రెండు రాష్ట్రాల మధ్యా తిరుగుతూనే ఉంది. సరిహద్దు గీతకి ఇటు టెక్కలి, పాతపట్నం, అటు పర్లాకిమిడి, కాశీనగర్. బండిలో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపించేవి.

మొదట్లో ఆవిరి ఇంజన్లే. ఇంగ్లండు నుంచి కెర్ స్టువర్ట్ కంపెనీ చేసి పంపినవి కొన్ని అందులో ఉండేవి. చివరి కాలంలో ఈ లైనును జెడ్‌డీఎం తరగతి డీజిళ్లు లాగాయి. ఆవిరి ఇంజన్‌ను పొద్దున కదిలించాలంటే అర్ధరాత్రి నుంచే నిప్పు వేసి ఆవిరి పట్టాలి. దారిలో నీళ్ల కోసం ఆగాలి, బూడిద దులపాలి, చివరి స్టేషన్లో బొగ్గు ఎక్కించాలి. డీజిల్‌కి ఆ తతంగం లేదు. నూనె మట్టం, నీళ్లు, బ్రేకు గాలి చూసుకుని స్టార్ట్ చేయడమే. డ్రైవరు మొహానికి మసి అంటదు.

2004 జూన్ 9న ఆ చిన్న బండి ఆగిపోయింది. నూట నాలుగేళ్ల లైను. బ్రాడ్‌గేజ్‌గా మార్చి 2011లో గుణుపూర్ దాకా మళ్లీ బళ్లు వదిలారు. వేగం పెరిగింది. పెద్ద ఊళ్లకి నేరుగా బండి దొరికింది. ఆ ప్రాంతానికి అది మంచిదే, సందేహం లేదు. కానీ ఆ లైను మీద డీజిల్ నడిపిన డ్రైవర్లు, షెడ్డులో దాన్ని చూసుకున్న ఫిట్టర్లు చెప్పే సంగతులు పుస్తకాల్లోకి ఎక్కలేదు. రాజావారి కథ దొరుకుతుంది, ఫిట్టరు కథ దొరకదు.

కృష్ణా డెల్టాలో జెడ్ గేజ్ ఎందుకు లేదు?

కాలవలున్నాయి కాబట్టి. ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి ఏలూరు కాలవ, బందరు కాలవ పొలాలకి నీళ్లిస్తూనే పడవల్నీ మోశాయి. ధాన్యం బస్తాలు పడవెక్కి బెజవాడ చేరేవి. ఆ చవక రవాణా ముందు చిన్న రైలుకి గిరాకీ ఏముంటుంది? 1908లో బెజవాడ నుంచి బందరుకి వేసిన లైను కూడా మీటర్‌గేజ్. తర్వాత అదీ బ్రాడ్‌గేజ్ అయింది.

డెల్టాల చరిత్రలో పట్టాల పాత్ర అంతకుముందే ఉంది. గోదావరి ఆనకట్ట పని మొదలైనప్పుడు, 1840ల్లోనే, ధవళేశ్వరం కొండ నుంచి రాళ్లు చేరవేయడానికి పట్టాలు వేశారు. బొంబాయి–ఠాణా ప్రయాణికుల రైలు 1853లో వచ్చింది. అంటే ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ రాళ్ల బండి దానికన్నా పాతది.

బస్సే రైలైతే

చిన్న లైనుకి పెద్ద ఇంజన్ దండగ అనుకున్న చోట రైల్వే ఇంకో దారి తొక్కింది. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1940లో పట్టాలు పీక్కుపోయారు. 2004లో తిరిగి వేసినప్పుడు దాని మీద రైల్‌బస్సు నడిపారు. బొబ్బిలి–సాలూరు మధ్య కూడా రైల్‌బస్సు తిరిగింది. ఇవి బ్రాడ్‌గేజ్ లైన్లే అయినా ఆలోచన నేరోగేజ్‌ది. మనుషులు తక్కువ, దూరం తక్కువ, అందుకని ఇంజనూ చిన్నది.

పొగ లేని బండి పుట్టింది యుద్ధంలో

నేరోగేజ్ మీద ఆయిలింజన్లు ఇంతగా పాకడానికి మొదటి ప్రపంచ యుద్ధం పెద్ద కారణం. ఫ్రాన్సులో కందకాల దాకా 600 మిల్లీమీటర్ల పట్టాలు వేసి గుండ్లు, తిండి మోశారు. పగలు ఆవిరి ఇంజన్ వెళితే పొగ చూసి శత్రువు ఫిరంగి పేల్చేవాడు. 1916 నుంచి ఇంగ్లండులోని మోటార్ రైల్ కంపెనీ సింప్లెక్స్ అనే చిన్న పెట్రోలు ఇంజన్లు పంపింది. 20 హార్స్‌పవర్‌వి కొన్ని, 40వి కొన్ని. డ్రైవరు పక్కకి తిరిగి కూర్చుంటాడు. బండి రెండు వైపులా సమానంగా పోతుంది కాబట్టి తిప్పుకోవలసిన పనిలేదు, మెడ తిప్పితే చాలు.

యుద్ధం అయ్యాక అవన్నీ క్వారీలకీ తోటలకీ అమ్ముడుపోయాయి. తర్వాత పెట్రోలు స్థానంలో డీజిల్ వచ్చింది.

ఫిజీలో మనవాళ్ల చెరకు బండి

1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి కూలీలు వెళ్లారు. విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్లూ వారిలో ఉన్నారు. అప్పట్లో అక్కడి చక్కెర మిల్లులు ఎక్కువగా సీఎస్‌ఆర్ అనే ఆస్ట్రేలియా కంపెనీవి. చెరకు మోయడానికి రెండడుగుల పట్టాలు వేశారు. ఆ పట్టాల మీద ప్రయాణికులకి ఉచితంగా బండి నడపాలన్నది కంపెనీకి ప్రభుత్వం పెట్టిన షరతు. చాలా ఏళ్లు టికెట్ లేకుండానే జనం తిరిగారు. 1950ల నుంచి ఆవిరి ఇంజన్లు తగ్గి ఆస్ట్రేలియాలోని క్లైడ్ కంపెనీ చేసిన చిన్న డీజిల్ హైడ్రాలిక్ ఇంజన్లు వచ్చాయి. ఆరు చక్రాలు, నూనె గేర్‌బాక్స్, అదే సూత్రం. ఫిజీలో చెరకు బళ్లను డీజిళ్లు లాగడం మన కాలం దాకా వచ్చింది.

697, 1150

మన పేటలో టాటా 697 ఇంజన్ తెలియనివాళ్లు ఉండరు. 6 సిలిండర్లు, ఒక్కోటి 97 మిల్లీమీటర్ల బోరు, అదే ఆ అంకె. మొత్తం కలిపితే 5.7 లీటర్లు కూడా లేదు.

1980ల చివర చిత్తరంజన్‌లో చేసిన జెడ్‌డీఎం-5 తరగతికి కమిన్స్ కేటీఏ-1150 ఇంజన్ పెట్టారు. ఇక్కడ అంకె ఘనపుటంగుళాలు. అంటే దాదాపు 19 లీటర్లు. టీ అంటే టర్బో, ఏ అంటే టర్బో పంపిన గాలిని సిలిండర్‌లోకి వెళ్లేముందు చల్లబరిచే ఆఫ్టర్‌కూలర్. అదే కుటుంబం ఇంజన్లు గనుల్లో డంపర్లకూ పెద్ద జనరేటర్లకూ ఉన్నాయి. జెడ్‌డీఎం-3 మాక్ ఇంజన్‌కీ దీనికీ తేడా చూడండి. అది ఓడల వంశం, మెల్లగా తిరుగుతుంది, బరువు ఎక్కువ. ఇది డంపర్ల వంశం, చురుకుగా తిరుగుతుంది, తేలిక, సామాను బజారులో దొరుకుతుంది. చిన్న లైనుకి ఆ చివరి సుగుణమే ప్రాణం. ప్రత్యేకంగా పోతపోయించాల్సిన భాగం విరిగితే ఇంజన్ నెలల తరబడి షెడ్డులో పడుంటుంది.

రెండడుగుల గేజ్ మీద తిరిగే ఎన్‌డీఎం-6 అయితే బెంగళూరులోని శాన్ ఇంజనీరింగ్ చేసింది. 2000 ప్రాంతంలో డార్జిలింగ్‌కి అవి వచ్చాయి. ఆ లైనును అంతకు ఏడాది ముందే, 1999లో, యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆవిరి బండి అందాన్ని డీజిల్ పాడుచేసిందన్నవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. రోజూ పనికి పోయేవాళ్లకి, బడికి పోయే పిల్లలకి బండి కావాలి. ముసలి ఆవిరి ఇంజన్ ఒక్కటే ఆ భారం మోయలేదు. డీజిల్ రోజువారీ బరువు ఎత్తుకుంది కాబట్టే ఆవిరి బండి పండగ బండిగా మిగిలింది.

అవన్నీ ఎటు పోయాయి?

1992లో దేశమంతా ఒకే గేజ్ ఉండాలని రైల్వే నిర్ణయించింది. ఆ తర్వాత చిన్న లైన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మనకి ఉత్తరాన నాగపూర్ చుట్టూ ఉన్న సాత్పుడా నేరోగేజ్ లైన్లలో చివరిది, నాగపూర్–నాగభీడ్, 2019 నవంబరులో ఆగింది. గ్వాలియర్ నుంచి 200 కిలోమీటర్లు పోయే రెండడుగుల లైను 2020లో ఆగింది. సిమ్లా, కాంగ్రా లోయ, డార్జిలింగ్, మాథేరాన్ లాంటి కొండ దారులు ప్రధానంగా మిగిలాయి.

ఆవిరి ఇంజన్లకి స్టేషన్ల ముందు అరుగులు కట్టి, రంగులేసి, పూలకుండీలు పెట్టారు. డీజిళ్లకి ఆ గౌరవం దక్కలేదు. చాలావాటికి దక్కింది తూకం. డీజిల్‌లో అందం కనిపించదేమో కానీ మన దేశపు ఇంజనీరింగ్ తెలివి ఎక్కువగా ఉన్నది దానిలోనే. ఆవిరి ఇంజన్లు ఎక్కువ భాగం బయటి డిజైన్లు. సూరి ట్రాన్స్‌మిషన్ మనది. జెడ్‌డీఎం-4ఏ చక్రాల అమరిక మన పట్టాల కోసం వేసుకున్న లెక్క.

రైల్వే అధికారులకి ఒక విన్నపం. పని అయిపోయిన జెడ్‌డీఎం ఇంజన్లలో ఒకదాన్ని విజయవాడకి ఇప్పించండి. ఇక్కడ డీజిల్ లోకో షెడ్డుంది, పక్కనే గుంటుపల్లిలో వ్యాగన్ వర్క్‌షాప్ ఉంది, ఆటోనగర్ ఉంది. అరుగు మీద బొమ్మలా వద్దు. పక్క తలుపులు తీసి, కన్వర్టర్ పెట్టె ఒకవైపు కోసి, లోపలి రెక్కలు కనిపించేలా పెట్టండి. ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు చేత్తో తిప్పి చూసేలా ఉండాలి. బిగించి ఇవ్వడానికి ఈ పేటలో చేతులకి కొదవ లేదు.

పాఠకులకీ ఒక మాట. నౌపడ లైను మీదో, నాగపూర్ లైన్ల మీదో డీజిల్ నడిపిన, బాగుచేసిన పెద్దవాళ్లు మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోండి. ఏ భాగం తరచూ విరిగేది, వర్షంలో చక్రం జారితే ఇసుక ఎలా వేసేవారు, సామాను రాకపోతే ఏం చేసి నెట్టుకొచ్చారు, అన్నీ అడగండి. నాగపూర్ వెళ్లే పని పడితే మోతీబాగ్‌లో రైల్వేవారి నేరోగేజ్ మ్యూజియం ఉంది. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.